ఏ పంపు నీళ్లు తాగావమ్మా?

"కడుపుతో ఉన్నప్పుడు ఏ పంపు నీళ్లు తాగావమ్మా?"

అందరూ నానీ అని పిలిచే ఆమిరున్ అమ్మమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. పళ్లెంలో పెట్టిన పీఠాలు, ఆ బియ్యప్పిండి బెల్లం పిండివంటలు, ఇంకా ముట్టుకోనేలేదు.

పెళ్లిళ్ల పేరయ్య తొఫాజ్జల్ పైకప్పు వైపు చూశాడు. మళ్లీ మొదలు!

ఈ ముసలావిడతో సంబంధాలు చూడ్డమంటే ఇదే గోల. పొలం ఎంత, బంధువులెవరు అని అడగదు. తిన్నగా పెరట్లోకి వెళ్లి చేతిపంపు రంగు చూస్తుంది. పచ్చరంగైతే చల్లబడుతుంది. ఎర్రరంగైతే ఆరాలు తీస్తుంది. కిందటి వారం ఓ ఇంటివాళ్లు ఆవిడ వస్తోందని తెలిసి ఎర్రపంపుకి హడావిడిగా పచ్చరంగు పూశారు. నానీ దాని మీద చెయ్యి వేసి, అంటిన రంగుని తొఫాజ్జల్ తెల్లచొక్కాకి తుడిచేసి, చక్కా వచ్చేసింది.

ఈ ఇంటి పంపు నిఖార్సైన ఎరుపు.

"ఆ పంపు నీళ్లే నానీ," అంది సుఫియా. భర్త పోయాక ఒక్కగానొక్క బిడ్డని రెక్కల కష్టంతో పెంచుకొచ్చిన మనిషి. "అప్పటికి దానికి ఏ రంగూ లేదు. నీళ్లు తియ్యగా ఉండేవి. ఆర్సెనిక్ విషం ఉందని సర్కారువాళ్లొచ్చి ఎర్రరంగు పూసేసరికి బిడ్డకి నడక కూడా వచ్చేసింది."

"ఏదీ, బిడ్డని పిలు."

లోపలి నుంచి కొత్త బట్టలు గరగరలాడాయి. తలవంచుకుని వచ్చి చాప అంచున కూర్చోవడం, నానీ "చేతులు చూపించు" అనడం ఒకేసారి జరిగాయి.

నానీ కళ్లద్దాలు సవరించుకుని అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఆ విషానికి పడే మచ్చల్లేవు. కాయల్లేవు. చెమట మాత్రం ధారగా ఉంది.

తొఫాజ్జల్ ఇక ఉండబట్టలేకపోయాడు. "లోకంలో అందరూ రంగు చూస్తారు, రూపం చూస్తారు. మీరు నీళ్లు చూస్తారేంటి నానీ! ఇలాగైతే ఈ జిల్లాలో పెళ్లిళ్లు జరిగినట్టే!"

"నువ్వు మాట్లాడకు. ఆ మొదటి సంబంధం తెచ్చిన మొనగాడివి నువ్వే."

తొఫాజ్జల్ గబుక్కున ఓ పీఠా నోట్లో పెట్టుకున్నాడు.

నానీ సుఫియా వైపు తిరిగింది. "మా ఇంట్లో ఓ పెళ్లి పెటాకులైందమ్మా. పిల్లల్లేరు. తాయెత్తులు కట్టించాం, దర్గాలు తిరిగాం. చివరికి ఢాకాలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసి, లోపం మావైపు లేదు, అటువైపే ఉందని చెప్పింది. తల్లి కడుపులో ఉండగా సోకిన విషం కొందరికి పెద్దయ్యాక ఇలా బయటపడొచ్చట. అందరికీ కాదట. అటువాళ్లు ఆ మాట మింగేశారు. నింద మేం మోశాం."

సుఫియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాహమేసి తాగాను నానీ. తెలిసి తాగానా?"

నానీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ తప్పేముందే పిచ్చిదానా? నేనూ అలాంటి నీళ్లే తాగాను."

అప్పుడు చాప అంచు నుంచి చిన్న గొంతు లేచింది. "అమ్మని ఏమీ అడగొద్దు. రేపు లాంచీ ఎక్కి చాంద్‌పూర్ ఆసుపత్రికి వెళ్లి నేనే పరీక్ష చేయించుకుంటాను. ఏం తేలితే అదే చెబుతాను."

"అయ్యయ్యో! నలుగురిలో అవేం మాటలు!" సుఫియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెళ్లికి ముందే అలాంటి పరీక్షా! ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?" తొఫాజ్జల్ నెత్తి కొట్టుకున్నాడు.

నానీ మాత్రం బోసినోరు నిండా నవ్వింది. పళ్లెం దగ్గరికి లాక్కుని పీఠా తుంచి నోట్లో వేసుకుంది. ఇంకోటి తీసుకుంది. బెల్లం బాగా పడిందని మెచ్చుకుంది. సుఫియాకి ఏమీ అర్థం కాలేదు.

చివరికి చేతులు దులుపుకుని లేచి, ఇంకా వంచుకునే ఉన్న ఆ తల నిమిరి, "పరీక్షలో ఏం తేలినా దాచకుండా మా మనవరాలికి చెప్పు, నిన్ను చేసుకోవాలో వద్దో అదే చూసుకుంటుంది, అల్లుడుగారూ!" అంది నానీ.