గద్ద పొట్ట మీద గీత

"ముందు లాంపు అవతలికి తిప్పుకో వెండెల్, తర్వాత చూడు," అంది ఆర్లిస్, నాణెం బల్ల మీద పెడుతూ.

లైబ్రరీ కింది గదిలోకి నాణేల క్లబ్బు వాళ్ళింకా రాలేదు. వెండెల్ లాంపు మెడ అటు వంచి, భూతద్దం కంటికి ఆనించాడు. 2000వ సంవత్సరంలో అచ్చయిన బంగారు రంగు డాలరు. ఎగిరే గద్ద పొట్టకు అడ్డంగా గీత.

గీత లోతుగా ఉంటే ఎవరి జేబులోనో తాళంచెవి గీరినట్టు, డాలరుకి డాలరే. ఉబ్బెత్తుగా ఉంటే అచ్చులోనే గాటు పడినట్టు, వందల డాలర్లు.

ఉబ్బెత్తుగా ఉంది.

తొమ్మిదేళ్ళ క్రితం ఇదే నాణెం తెచ్చిన ఆర్లిస్ భర్తను ఇదే బల్ల దగ్గర అతను అందరిముందూ అడిగాడు: "డెల్మర్, నిజం చెప్పు, స్క్రూడ్రైవర్‌తో గీశావా?" కావాలంటే చూసుకోండని భూతద్దం అందరికీ అందించాడు. అందరికీ గీత పల్లంగానే కనిపించింది. గదంతా నవ్వింది. చెవులు ఎర్రబడ్డ డెల్మర్ నాణెం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ మెట్లు దిగలేదు. మొన్న మార్చిలో పోయాడు.

"ఇది అసలుదే ఆర్లిస్," అన్నాడు వెండెల్, భూతద్దం దించి. "అప్పుడు నేను..."

"తెలుసులే. ఇంటికొచ్చి కిటికీ దగ్గర చూసుకున్నాడు. 'ఆ లాంపు వెలుగు ఇవతలి వైపునుంచి పడిందే, అందుకే ఉబ్బు పల్లంలా కనబడింది, పాపం వెండెల్' అన్నాడు."

"మరి వచ్చి నా మొహాన చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగా, నోరు లేదా నీకని. 'అంతమందిలో వాడు తలొంచుకోవాల్సొస్తుంది, అది నాకొద్దు' అన్నాడు. మొండిఘటం!" ఆమె నాణేన్ని అతని వైపు జరిపింది. "నీకే ఇమ్మన్నాడు. ఇలాంటిదాని కోసం ఏడేళ్ళు బ్యాంకు నుంచి నాణేల కట్టలు తెచ్చి విప్పి వెతికావటగా."

వెండెల్ చెయ్యి కదల్లేదు. "ఆర్లిస్, ఆ రోజు..."

"వదిలెయ్యవయ్యా. పొరపాటు ఎవరికి జరగదు?" అతని భుజం తట్టింది. "నిమ్మకాయ కేకు తెచ్చా. వాళ్ళొచ్చేలోపు ఓ ముక్క తిను."

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెండెల్ లాంపు ఆర్పి, చీకట్లో నాణెం ముందు కూర్చున్నాడు.

ఆ రోజు డెల్మర్ నాణెం మీది ఉబ్బు తన కళ్ళతో చూశాకే వెండెల్ లాంపును ఇవతలికి తిప్పాడు.