గాలి కబురు

వంతెన మొదట్లో సైకిలు ఆపబోయి గోద్లీవ దబ్బున పడింది.

ఎవరూ చూడలేదు కదా అని తల తిప్పేలోపే, షెల్డ నది గట్టు మీది బల్ల మీంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. తలకి హెల్మెట్, కళ్లకి నల్లద్దాలు. బల్లకి ఆయన సైకిలు ఆనించి ఉంది.

వచ్చి ముందు సైకిల్ని లేపాడు.

"ఏమండీ, మనిషి పడి ఉంటే సైకిల్ని లేపుతారేం?" అంది ఆవిడ మోచెయ్యి రుద్దుకుంటూ.

ఆయన మాట్లాడలేదు. హేండిల్‌కి చుట్టిన పసుపుపచ్చ పట్టీ మీది మట్టిని అరచేత్తో తుడిచాడు. చక్రం తిప్పి చూశాడు. తర్వాత ఆవిడకి చెయ్యి అందించాడు.

మూగవాడేమో పాపం, అనుకుంది గోద్లీవ.

అరవయ్యో ఏట రేసు సైకిలు ఎక్కడం ఆవిడకి ఇదే మొదలు. సైకిలు ఆవిడది కాదు, మొగుడు ఫ్లోరెంట్‌ది. కిందటి వసంతంలో ఒక ఆదివారం ఈ గట్టు మీదే గుండె ఆగి పోయాడు. ఇవాళ సాయంత్రం మేనల్లుడు వార్డ్ వచ్చి దీన్ని పట్టుకుపోతానన్నాడు. ఇచ్చేసే ముందు ఒక్కసారి ఎక్కి చూడాలని ఆవిడ పంతం. ఆదివారం పూట వేడివేడి రొట్టెల్నీ, కాఫీనీ, పెళ్లాన్నీ వదిలేసి పోయేవాడే మహానుభావుడు, నాకంటే ఇందులో ఏముందో తేల్చుకోవద్దూ!

అసలు దోషి తోన్ అని ఆవిడ నమ్మకం. ఫ్లోరెంట్‌కి సైకిలు జోడీ, నది అవతలి ఊరివాడు. మొహం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఆదివారం తెల్లారితే చాలు, ఫోను మోగేది.

"గాలి పడమటి నుంచి ఉంది మదాం, ఫ్లోరెంట్‌కి చెప్పండి."

గాలి కబురు చెప్పడానికి కూడా ఫోనే! ఆవిడ టక్కున పెట్టేసేది. ఫ్లోరెంట్ పోయిన రోజున ఆ కబురు ఫోనులో చెప్పిందీ అతనే. "నా మొగుణ్ణి తిప్పి తిప్పి చంపావు. మట్టి చేసే రోజున చర్చి ఛాయలకి వచ్చావంటే ఊరుకోను" అంది. అతను రాలేదు.

ఈ పొద్దున ఇంటి నుంచి గట్టు దాకా కాళ్లు మొరాయించాయి గానీ, గట్టెక్కాక సైకిలు తనంతట తనే పరిగెత్తింది. ఓస్, ఇంతేనా, దీనికా ఈ మగాళ్ల బడాయి అనుకుంటూ వంతెన దాకా వచ్చేసింది.

ఇప్పుడు తిరుగుదారి పట్టగానే ముసలాయన కూడా సైకిలెక్కి సరిగ్గా ఆవిడ ముందుకొచ్చాడు.

ఆవిడ ఎడమకి జరిగితే ఆయనా ఎడమకే జరిగాడు. కుడికి జరిగితే కుడికే వచ్చాడు. పైగా ఉండుండి చెయ్యి వెనక్కి పెట్టి, ఈగని తోలినట్టు విదిలిస్తున్నాడు.

"ఏంటా చెయ్యి ఊపడం? మీ వెంటపడ్డ కుక్కననుకున్నారా?"

మరుక్షణం ఆవిడ ముందు చక్రం గుంటలో పడి పళ్లు కదిలిపోయాయి. ఓహో, గుంట చూపిస్తున్నాడన్నమాట. నోటితో చెప్పి ఏడవొచ్చు కదా!

"పక్కకి తప్పుకోండి! నన్ను పోనివ్వండి!" అని అరిచింది.

ఆయన తప్పుకున్నాడు.

గాలి ఛెళ్లున మొహాన కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత తొక్కినా సైకిలు నిలబడిపోయినంత పనైంది.

అమ్మో, ఇంత గాలి ఇందాకటి నుంచి ఎక్కడుంది?

ఇందాకటి నుంచీ అదంతా ఆయన గుండెలకే తగులుతోంది.

ఆయన మళ్లీ ముందుకొచ్చాడు. తలుపు వేసినట్టు గాలి ఆగింది.

గోద్లీవ ఈసారి పక్కకి జరగలేదు. ఆయన వెనక చక్రం వంకే చూస్తూ తొక్కింది. ఊపిరి కుదురుకుంది. ఒకరు ముందుండి గాలికి అడ్డం కాస్తే, ఒకరు వెనకుండి సేదతీరడం. అలిసిపోతే చోట్లు మార్చుకోవడం. ఫ్లోరెంట్ ఇన్నేళ్లూ ఇందుకే వచ్చేవాడేమో. ఆవిడకి ఏడుపొచ్చింది గానీ, మొగుడి మీద ఈసారి కోపం రాలేదు.

సాయంత్రం వార్డ్‌కి ఇంత కాఫీ పోసి ఉత్త చేతులతో పంపేయాలి, అనుకుంది.

ఈ పెద్దాయనకి క్షమాపణ చెప్పుకోవాలి. ఇంటికి పిలిచి రొట్టె, వెన్న పెట్టాలి. వచ్చే ఆదివారం కూడా వస్తారా అని అడగాలి.

గట్టు దిగి ఊళ్లోకి తిరిగే మలుపు వచ్చింది. ఆయన ఆవిడని ముందుకి పోనిచ్చి, తన సైకిల్ని వచ్చిన దారికే తిప్పుకున్నాడు. ఆయన ఇల్లు అసలు ఇటే కాదు.

"ఆగండి! మీ పేరైనా చెప్పి వెళ్లండి!"

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు.

"ఇక్కణ్ణుంచి గాలి మీ వెనకే ఉంటుంది మదాం" అన్నాడు, మొహం ఇటు తిప్పకుండా.

గోద్లీవ చేతులు బ్రేకుల మీద బిగుసుకున్నాయి. సైకిలు ఆపి, ఈసారి పడకుండా దిగి, వెనక్కి చూసేసరికి గాలి తోస్తుంటే ఆయన గట్టు వెంట అందనంత దూరం వెళ్లిపోయాడు.

ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం గాలి కబురు చెబుతుంటే, తను టక్కున పెట్టేసిన గొంతు అది, తోన్‌ది.