ఎర్రగీత అవతల

"తాతగారూ, గీత వెనక్కి!"

ఆమె అరుపుకి గదిలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆ ముసలాయన తప్ప.

నేల మీది ఎర్రగీత అవతల ఒక కాలు పెట్టి, మెడ పక్కకి వాల్చి, ఆ చిన్న బొమ్మని ఓరగా చూస్తున్నాడు.

"మిమ్మల్నే!"

"ఆఁ, వస్తున్నానమ్మా," అని కాలు వెనక్కి తీసుకున్నాడు.

వారం రోజులుగా ఇదే తంతు. యూరప్ నుంచి పాతకాలపు పెయింటింగులు తెచ్చి ఎగ్జిబిషన్ పెడితే, నగరమంతా ఎగబడి చూస్తోంది. మూడో గదికి ఆమె కాపలా. ఆ గదిలో గుర్రమెక్కిన రాజులున్నారు, పట్టు గౌన్ల రాణులున్నారు. ఈయన వాళ్ళని కన్నెత్తి చూస్తే ఒట్టు! మూలనున్న జానెడు బొమ్మలో ఒక పనిమనిషి చేపలు తోముతుంటుంది. పొద్దున్నే వచ్చి ఆవిడ ముందు పాతుకుపోతాడు.

"ఇంట్లో పొద్దుపోదు కాబోలు," అని ఆమె విసుక్కునేది.

విసుగు పైకే. లోపలంతా భయం. ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఎగ్జిబిషన్‌కి ఇవాళ ఆఖరి రోజు. ఏ గొడవా లేకుండా గడిస్తే ఆరింటికి పర్మినెంట్ కాగితం చేతికిస్తానన్నాడు సూపర్‌వైజర్. గొడవైతే ఇంటికే. ఇంట్లో సంపాదించే మనిషి ఆమె ఒక్కతే, తినాల్సిన కూతురు ఒకతి.

పొద్దుటి నుంచి గడియారం వంక ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఐదింటికి జేబులో ఫోన్ వణికింది.

గదిలో ఫోన్ ఎత్తకూడదు. బదులు మనిషి రాకుండా గది వదలకూడదు. బాత్రూమ్‌కైనా సరే, పళ్ళ బిగువున ఆగాల్సిందే.

మళ్ళీ వణికింది. మళ్ళీ. పొద్దున కూతురికి ఒళ్ళు కాలిపోతుంటే చెల్లెలి దగ్గర వదిలి వచ్చింది.

నాలుగోసారికి ఇక ఆగలేక కారిడార్‌లోకి ఉరికింది.

"ఏమైందే? ఎలా ఉంది?"

"జ్వరం దిగిందక్కా. కార్టూన్లు పెట్టమని నా ప్రాణం తోడేస్తోంది."

"ఓసి నీ... ఇది చెప్పడానికా నాలుగుసార్లు!"

అప్పుడే గదిలో అలారం కూసింది.

పరిగెత్తింది.

వీపున బస్తాలాంటి బ్యాగు తగిలించుకున్న ఒక పెద్దమనిషి, సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడిచి గీత దాటి బొమ్మ మీదికే వచ్చేశాడు. ఆ బ్యాగు బకిలుకీ పనిమనిషి మొహానికీ మధ్య ముసలాయన చెయ్యి అడ్డం పడి ఉంది. మణికట్టు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. బ్యాగు పెద్దమనిషి సారీ కూడా చెప్పకుండా జనంలో కలిసిపోయాడు.

ఇదంతా ఆమె గుమ్మంలోంచి కళ్ళారా చూసింది. ఆమె గదిలోకి అడుగుపెట్టాక, అవతలి గుమ్మంలోంచి సూపర్‌వైజర్ రొప్పుతూ వచ్చాడు.

"అలారం మోగినప్పుడు నువ్వెక్కడున్నావ్?"

అయిపోయింది, కొంప మునిగింది అనుకుంది.

"ఇక్కడే ఉంది బాబూ," అన్నాడు ముసలాయన, రక్తం కారే చెయ్యి జేబులో పెట్టుకుంటూ. "వద్దు వద్దంటూనే ఉంది. ముట్టుకుని చూడాలనిపించి నేనే చెయ్యి పెట్టబోయాను."

సూపర్‌వైజర్ ఆమె వైపు తిరిగాడు. "నిజమేనా?"

ముసలాయన కళ్ళతోనే 'ఊఁ అను' అన్నాడు.

"అవునండీ. వారం నుంచీ ఈయన వరసే ఇంత," అంది.

ఆ రెండో మాట అక్కర్లేదు. అయినా అనేసింది.

ఇద్దరు గార్డులు ఆయన్ని రెక్కలు పట్టుకుని తీసుకుపోయారు. ఆమె పక్కనుంచి వెళ్తూ ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఫోన్ అన్నిసార్లు వచ్చిందే... ఇంట్లో అంతా బాగే కదా తల్లీ?"

ఆమె తలూపింది. తలెత్తి చూడలేకపోయింది.

గేటు దగ్గర ఆయన ఫొటో తీసి బోర్డుకి గుచ్చారు. ఇక జన్మలో ఈ గడప తొక్కనివ్వరు.

'ఈ నగరంలో మ్యూజియంలకి కరువా? ఇది కాకపోతే ఇంకోటి,' అని సర్దిచెప్పుకుంది. ఆరింటికి పర్మినెంట్ కాగితం చేతికొచ్చింది. ఎగిరి గంతేయాల్సిన మనిషికి సంతోషమే రాలేదు.

పెయింటింగుల్ని వెనక్కి తీసుకెళ్ళడానికి ఆ మధ్యాహ్నమే యూరప్ నుంచి విమానం దిగిన అక్కడి మ్యూజియం మేడమ్, ఆ చిన్న బొమ్మని లైటు కింద పెట్టి అరగంట పరీక్షించింది. కాపలా ఆమె పక్కనే నిలబడింది.

"ఏమీ కాలేదు. బతికిపోయింది," అంది మేడమ్. "ఇంతకీ దీని మీద చెయ్యి వెయ్యబోయిన ఘనుడెవరు?"

ఆమె మేడమ్‌ని గేటు దగ్గరికి తీసుకెళ్ళి బోర్డు మీది ఫొటో చూపించింది.

మేడమ్ ఫొటోకి దగ్గరగా వంగింది.

"ఈయనా! ఈ ఊరొచ్చారా? నాకొక్క ఫోన్ కొడితే, దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించేవాళ్ళం కదా!"

ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది.

"ఆయన తప్పేం లేదండీ. చెయ్యి అడ్డం పెట్టి కాపాడారు. నా ఉద్యోగం పోకూడదని నింద నెత్తిన వేసుకున్నారు. నేను నోరు మూసుకున్నాను."

"ఎక్కడున్నారిప్పుడు?"

"తెలీదండీ. పేరు కూడా అడగలేదు."

లోపల గదిలో పెట్టెకి స్క్రూలు బిగిస్తున్న చప్పుడు. రాత్రి విమానానికే ప్రయాణం.

"అసలెవరండీ ఆయన?"

మేడమ్ ఫొటో మీంచి కళ్ళు తిప్పలేదు.

"ముప్పై ఏళ్ళ కిందట మా మ్యూజియంలో వరద నీళ్ళలో నాని ఆ పనిమనిషి మొహం సగం రాలిపోతే, నాలుగేళ్ళు కూర్చుని, తన పేరు ఎక్కడా లేకుండా, ఆ సగం మొహం మళ్ళీ వేసింది ఈయనే."