నలభై ఒకటో చావు

కళ్లారా చూడనివాడు నెత్తురు పారే దారిని సరిగ్గా చెప్పగలడా? గ్రాఫిక్స్ పనివాణ్ణి పదకొండేళ్లుగా తొలిచేస్తున్న సందేహం ఇదొక్కటే.

తేనె, నూనె, బురద, ఏ చిక్కని ద్రవాన్నయినా కంప్యూటర్లో పారించడం అతడి వృత్తి. నెత్తురు మాత్రం ఓ పట్టాన లొంగలేదు. మూడు రోజుల్లో తెరమీద ఒక మనిషి సుత్తిదెబ్బలకు ముప్పైతొమ్మిదిసార్లు చచ్చాడు. పక్క కుర్చీలో ఫైట్ మాస్టారు అన్నిసార్లూ పెదవి విరిచాడు.

“మనిషిని చంపావా, సిరాబుడ్డి ఒలకబోశావా?”

“చిక్కదనం పెంచమంటారా మాస్టారూ?”

“ఊరికే పెంచితే లక్కముద్దలా కూర్చుంటుంది. రెండో దెబ్బకే పుర్రె చిట్లింది కదోయ్! మొదట జివ్వున చిమ్మాలి. తర్వాతే తీగసాగాలి.”

అతడు అంకెలు మార్చాడు. మాస్టారు విసుగెత్తి లేచిపోతే మళ్లీ రాడు. ఇలాంటి అవకాశం ఈ జన్మకిక దొరకదు. మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని మీట నొక్కాడు.

సుత్తి దిగింది. ఎముక విరిగింది. నెత్తురు గోడకు కొట్టుకుని, జారి, గచ్చుమీద పరుచుకుంది. పలచటి అంచుల్లోంచి వెలుతురు దూరి ఎర్రగా మెరిసింది. నడుమ నల్లబడి మీగడ కట్టింది. మెల్లగా గుమ్మంవైపు కదిలింది.

“ఆపు!” మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “అంతా కుదిరింది, దారే తప్పింది. గుమ్మంవైపు రాదు. కిటికీ కిందకి పాకి, మూలలో మడుగు కడుతుంది. నేల అటు వాలు.”

“నేను సమంగానే వేశాను మాస్టారూ.”

“వేశావులే, నీ మొహం! చెప్పింది చెయ్యి.”

అతడు నేలను వేలిమందం వాల్చాడు. నలభై ఒకటోసారి ఆ మనిషి చచ్చాడు. నెత్తురు కిటికీ కింద మూలకు చేరి ఆగింది.

మాస్టారు రెప్ప వెయ్యలేదు. “అచ్చం ఇంతే,” అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత తేరుకుని, “పనిమంతుడివోయ్!” అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

అతడు తలుపు గడియ పెట్టి ఫోన్ తీశాడు.

“వదినా, అన్నయ్యను చంపిందెవరో కనిపెట్టి చెబుతానని నీకు పడ్డ బాకీ ఇవాళ తీరింది,” అన్నాడు: సినిమా లేదు, నిర్మాత లేడు, ఉన్నదల్లా పదకొండేళ్ల కిందట అన్నయ్య హత్య జరిగిన గదికి రంగులు మార్చి గీసిన బొమ్మ, ఆ గది గడపే తొక్కలేదని అప్పట్లో పోలీసులకు చెప్పి, ఇవాళ దాని నేలవాలు చెప్పిన మాస్టారి గొంతు, ఫోన్లో రికార్డయి.