ఒక్క గుడ్డా మిగల్లేదు

"ఇది మనిషి కట్టుకునేదేనా అన్నా?"

ఎలీషబా రెండు వేళ్లతో ఒక లంగాను పైకెత్తి పట్టుకుంది. దానికి బొందు లేదు. ఎలుకలు కొట్టిన చిల్లిలోంచి మార్కాపురం బజారు కనపడుతోంది.

"లోపలి లంగానేగా, ఎవురు జూస్తారు? వెయ్ సంచిలో," అన్నాడు ఆదిశేషు.

గోదావరికి వరద వచ్చి నాలుగు రోజులైంది. మునిగిన లంక గ్రామాలకు సాయం పంపుదామని ఆదిశేషు తన బట్టల దుకాణం ముందు బల్ల వేసి మైకు పెట్టించాడు. జనం బాగానే కదిలారు. బీరువాల అడుగున ఉన్నవి, అటకల మీద ఉన్నవి, ఎవరికీ ఇవ్వలేక పారేయలేక దాచినవి అన్నీ తెచ్చి పోశారు. గుట్ట షట్టరు ఎత్తుకు పెరిగింది. మడతలు పెట్టే కూలికి తర్లుపాడు నుంచి వచ్చిన ఎలీషబా పొద్దుటి నుంచీ ముక్కుకు కొంగు కట్టుకునే పనిచేస్తోంది. చెమట కంపు, బొద్దింకల కంపు, పిల్లల ఉచ్చ కంపు. ఒకాయన ఉతకని బనీన్లు ఇచ్చి వెళ్లి, మైకులో తన పేరు చదవలేదని మళ్లీ వచ్చి తగువు పెట్టుకున్నాడు.

ఆదిశేషు మాత్రం తక్కువ తిన్నాడా? మూడేళ్లుగా కదలని చమ్కీ చీరల మూటలు రెండు గుట్టలో కలిపాడు. అద్దాల బీరువాలో ఎండకు వెలిసిపోయినవి అవి. అమ్ముడుపోని సరుకు అరలో ఉంటే చోటు దండగ. దానం కింద పోతే అర ఖాళీ అవుతుంది, పేరు మిగులుతుంది.

ఫోను మోగింది. అతని మరదలు అనురాధ. ఒక లంక గ్రామంలో కాపురం ఉంటూ, అక్కడే బడిలో పంతులమ్మగా పనిచేస్తోంది.

"బావా, పేతురు లారీ మా ఊరికేనంట గదా, అక్క చెప్పింది. బట్టలొద్దు బావా."

"ఏందీ?"

"ఇప్పటికే మూడు లారీలొచ్చినాయి. బడి వరండాలో తడిసి పురుగులు పట్టినాయి. మాకు రాళ్లు పంపియ్యి."

ఆదిశేషు ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి చూసుకున్నాడు. "రాళ్లా? వరద నీళ్లు నీ తలకేమన్నా ఎక్కినాయా అనూ?"

"ఎగతాళి గాదు బావా. గట్టు దిగేకాడ నాలుగైదు బారల బాట కొట్టుకుపోయి ఊబి అయింది. నీళ్ల ట్యాంకరు గట్టు మీదనే నిలబడిపోయింది. ఆడినుంచి మా ఊరు మైలు దూరం, బిందెలు మోసేదానికి మనుషులు చాలడంలా. ఈడ ఎంత తవ్వినా ఒండ్రే, గులకరాయి గూడా దొరకదు. మీ ఊరి పలకల ఫ్యాక్టరీల ఎనక రాతి ముక్కలు గుట్టలు గుట్టలు పడుండాయి. ఊరికే ఎత్తుకొమ్మంటారు. ఒక్క లారీ పోస్తే చాలు, ట్యాంకరు లోపలికొస్తాది. పిల్లోళ్లు వరద నీళ్లు తాగి కక్కుకుంటాండారు బావా. మా పాపకి నిన్నటి నుంచి విరేచనాలు ఆగలా."

ఆదిశేషు లెక్క వేశాడు. చీరల లారీకి దుకాణం పేరుతో బ్యానరు కడితే దారి పొడుగునా నలుగురూ చదువుతారు. రాళ్ల లారీకి కడితే నలుగురూ నవ్వుతారు.

"పాపకి మాత్రలు పంపిస్తాలే."

"మాత్రలు ఏ నీళ్లతో మింగాల బావా?"

"ఆఁ... సరిగ్గా ఇనపడ్డంలేదు," అని ఫోను కట్టేశాడు. ఎలీషబా వైపు తిరిగి మొహం చిట్లించాడు. "చూసినావా? బట్టలొద్దంట, బాటకు పలకల రాళ్లు పంపాలంట! కష్టంలో ఉండి గూడా ఇది కావాల, అది వద్దు అని ఏరుకుంటాండారు."

"మా ఆయన పలకల ఫ్యాక్టరీలోనే అన్నా. చెప్తే రెండు గంటల్లో లారీ నింపిస్తాడు."

"నీ కూలి మడతలకు. సలహాలకు గాదు."

మధ్యాహ్నం లారీకి బ్యానరు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. డ్రైవరు పేతురు గేరు వేశాడు.

మర్నాడు పదకొండింటికి పేతురు ఫోను చేసేసరికి దుకాణంలో నలుగురు వ్యాపారులు కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్లు కూడా వినాలని ఆదిశేషు స్పీకరు నొక్కాడు.

"ఏం పేతురూ, చేరినావా? మన బట్టలు తీసుకున్నారా?"

"తీసుకోవడమేందన్నా! గట్టు మీద లారీ ఆపీ ఆపకముందే ఊరు ఊరంతా ఎగబడినారు. ఆడా మగా, ముసిలోళ్లు గూడా. చేతులు మార్చుకుంటా అరగంటలో దించేసినారు. ఒక్క గుడ్డా మిగల్లేదు."

ఆదిశేషు వ్యాపారుల వైపు చూసి నవ్వాడు. "ఇన్నారా? నోటితో వద్దంటారు, తీరా బండి పోతే ఎగబడతారు. నా చమ్కీ చీరలు ఏమన్నారు పేతురూ?"

"వాటినే ముందు తీసుకున్నారన్నా. మందంగా ఉండాయని."

"మా మరదలు కనబడిందా?"

"ఆయమ్మే దగ్గరుండి అంతా చేయించింది. నీకు దండాలు చెప్పమనింది. ట్యాంకరు గూడా ఊళ్లోకి పోయింది. పాప మంచినీళ్లు తాగి తెరిపిన పడింది."

ఆదిశేషు టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టాడు. "చూడండి మరి! దోవ లేదు, రాళ్లు లేంది ట్యాంకరు రాదని నిన్న ఎంత యాగీ చేసింది! ఇప్పుడెట్ల పోయిందంట?"

"మన బట్టల మీదనే పోయిందన్నా."