పదిహేడో అక్షరం

ఆఫీసు తలుపు తాళానికి సి భాషలో కోడ్ రాసింది ఆమే. కోడ్‌ను నడపకుండానే తప్పులు పట్టే టూల్, ఈ రాత్రి కూడా అదే లైను కింద ఎర్ర గీత గీసింది. తలుపు దగ్గర కొట్టే పేరుకు పదహారు అక్షరాల చోటే ఉంది. అది దాటితే పేరు మెమరీలో పక్కనే ఉన్న, తాళం వేసుందో లేదో గుర్తుంచుకునే గడిలోకి పొంగుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

పొద్దున మేనేజరు నవ్వేశాడు. "అంత పొడుగు పేరు ఏ తల్లి కన్న బిడ్డకుంటుందమ్మా? ఆ టూల్ నోరు మూయించు."

మూయించింది గానీ, మనసొప్పక ఇప్పుడు మళ్ళీ తెరిచి కూర్చుంది.

బయట కీప్యాడ్ కుయ్‌మంది. తర్వాత ఇంకోసారి. ఎవరో తీరిగ్గా, ఒక్కో అక్షరమే నొక్కుతున్నారు.

వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. "అన్నా, మా తలుపు దగ్గర ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. కెమెరాలో వరండా ఖాళీగా ఉంది."

కూతలు ఆగలేదు. ఆ లైను సరిచేసింది. ఎర్ర గీత పోయింది. అప్పుడు గుర్తొచ్చింది: సరిచేసింది తన కంప్యూటర్లో. తలుపులో ఉన్నది పాత కోడే.

పదహారో కూత తర్వాత అంతా సద్దుమణిగింది. హమ్మయ్య అనుకుంది.

తలుపు అవతల ఎవరో, పేరింకా చాలా మిగిలున్నట్టు, నిండుగా ఊపిరి పీల్చుకున్నారు.