ఇంకాసేపు ఉండిపో

"బెల్టు మార్చాను. కానీ మీరు ఈ రికార్డును తప్పు స్పీడులో వేస్తున్నారు," అన్నాడు రికార్డు ప్లేయర్లు బాగుచేసే సూది మేస్త్రి.

డీజే దరువుకి ఒళ్లు మండిపోయింది.

పొద్దున్నుంచీ మండుతూనే ఉంది. తన పాత పాటలోని అమ్మాయి గొంతు ఉంటేనే కొత్త పాట తీసుకుంటామనీ, లేకపోతే ఈ నెలాఖరుతో ఒప్పందం సరి అనీ పాటల కంపెనీవాళ్లు తెగేసి చెప్పారు. పాడి వినిపించడానికి ఏడుగురు అమ్మాయిలు వచ్చారు, ఏడుగురూ తేలిపోయారు. పాత రికార్డు నుంచే గొంతును మళ్లీ శుభ్రంగా ఎక్కించుకుందామంటే, ప్లేయరు మూలపడింది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన ముసలాయన ఇప్పుడు పాఠాలు మొదలుపెట్టాడు.

పన్నెండేళ్ల కిందట దరువు చిన్నాచితకా హాళ్లలో పాటలు వేసుకునే డీజే. ఒకరోజు పాత సామాన్ల కొట్లో చిన్న రికార్డొకటి దొరికింది. దానికి అట్ట లేదు, మధ్యలో అంటించిన కాగితం కూడా చిరిగిపోయింది. చిన్న రికార్డంటే నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరిగేదే అని, ఆ పనిలో ఉన్నవాళ్లందరూ అనుకునేట్టే అతనూ అనుకున్నాడు. సూది పెడితే ఓ అమ్మాయి గొంతు పలికింది.

"ఇంకాసేపు ఉండిపో..."

"ఉండిపో" దగ్గర ఆ గొంతు చిన్నగా విరుగుతుంది. ఆ విరుపు మీదే జనం పడి చచ్చారు. దరువు ఆ ఒక్క ముక్క కత్తిరించి, కింద ఆగని డ్రమ్ము దెబ్బ పరిచి, క్లబ్బుల్లో జనం ఆడే హౌస్ పాట చేశాడు. అది దేశాలు తిరిగింది. దాని తోక పట్టుకుని అతనూ తిరిగాడు. ఆ అమ్మాయి మాత్రం దొరకలేదు. పేపర్లలో వేయించాడు, రేడియోలో చెప్పించాడు. "నేనే" అంటూ వచ్చినవాళ్లకు లెక్కలేదు. ఒక్కరికీ ఆ విరుపు రాలేదు.

"స్పీడు తప్పా?" అన్నాడు దరువు. "ఈ పాటకి లక్షలమంది ఆడారు. వాళ్లందరికీ తెలీని తప్పు మీకు తెలిసిందా?"

మేస్త్రి రికార్డు మధ్యలో, గీతల్లేని చోట చెక్కిన గుర్తును గోటితో తడిమి చూశాడు. మెడకి మఫ్లర్ చుట్టుకున్నాడు.

"ఆ మాట ఆడమని అన్నది కాదు బాబూ. పోతున్న మనిషిని పట్టుకుని అడిగింది."

"మీరు వెళ్లి చూశారా?"

"ఆ పాడింది..."

"ఆ పాడినమ్మాయి కోసం పన్నెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నాను. ఆవిడ గురించి మీరు నాకు చెప్తారా?"

"అమ్మాయా?" అన్నాడు మేస్త్రి. నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

దరువు అక్క పక్కగదిలోంచి తొంగి చూసింది. తమ్ముడి కార్యక్రమాలన్నీ చూసుకునేది ఆవిడే, మేస్త్రిని పిలిపించిందీ ఆవిడే.

"పెద్దాయనతో ఏంట్రా ఆ మాటలు?"

"లేకపోతే ఏంటక్కా? పిలవని పేరంటానికి వచ్చినట్టు ప్రతివాడూ నా పాటలో వేలు పెట్టేవాడే."

మేస్త్రి పెట్టె సర్దుకున్నాడు. స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పొడవు వరసలో పెట్టాడు. ఇంత మాట పడ్డాక ఇంకొకడైతే పెట్టె విసురుగా మూసేవాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఒక్కసారి సరైన స్పీడులో వేయండి బాబూ. విని వెళ్లిపోతాను. ఈ రోజు వినాలనుంది."

మాట మధ్యలో ఆయన గొంతు తెగి మళ్లీ అతుక్కుంది.

"నాకు టైము లేదు," అన్నాడు దరువు.

"సరే. ఇకమీదట పనుంటే ఫోను చేయకండి, కాగితం మీద రాసి పంపండి. సాయంత్రం ఆపరేషను. గొంతు తీసేస్తారట."

పాపం అనాల్సిన చోటది. దరువు నోరు ఆ రోజు అతని చేతిలో లేదు.

"బెల్టు మార్చడానికి గొంతు అక్కర్లేదుగా," అన్నాడు.

కోపం ముసలాయన మొహంలోకి వచ్చి, అక్కడ ఉండలేక వెళ్లిపోయింది.

"అక్కర్లేదు," అని పెట్టె అందుకుని మెట్లు దిగాడు.

అక్క పక్కగది తలుపు విసురుగా వేసుకుంది. దరువు ఆ పూట ప్లేయరు దగ్గరికి పోలేదు.

మర్నాడు పొద్దున రికార్డింగుకి అంతా సిద్ధం చేసి, అక్కే సూది పెట్టింది. ప్లేయరు మీద స్పీడు మీట ముప్పై మూడు దగ్గర ఉంది. వెళ్లేముందు మేస్త్రి దాన్ని అలా వదిలేసి పోయాడు.

"చూశావా, పోతూపోతూ కూడా..." అంటూ లేచిన దరువు అక్కడే ఆగిపోయాడు.

స్పీడు తగ్గేసరికి, స్పీకర్లోంచి మెత్తగా, నింపాదిగా ఓ మగగొంతు పాడుతోంది. మంచం పక్కన కూర్చుని, వినే మనిషి చెయ్యి పట్టుకుని పాడుతున్నట్టుంది. పన్నెండేళ్లుగా తనకు అన్నం పెట్టిన మాట ఇంత బరువైనదని దరువుకి ఇప్పుడే తెలిసింది.

"ఇదేంట్రా, అమ్మాయేదీ?" అంది అక్క కంగారుగా. "బెల్టు సరిగ్గా వేయలేదేమో. ఉండు, మేస్త్రికి ఫోను చేసి అడుగుతాను."

"చేయకక్కా," అన్నాడు దరువు. "ఆయన మాట్లాడలేడు."

"ఇంకాసేపు ఉండిపో" దగ్గర చిన్నగా విరిగిన ఆ గొంతు, నిన్న ఇదే గుమ్మంలో నిలబడి, ఒక్కసారి సరైన స్పీడులో వేయమని అతన్నే బతిమాలింది.